ఆర్మేనియన్, ఫిన్నిష్ చుట్టాలేనా? – భాషా సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: మా అమ్మాయి ఆర్మేనియాలో, యెరెవాన్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. అబ్బాయికి ఫిన్లాండ్‌లో ఎస్పో అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇద్దరూ అక్కడి భాషలు కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నారు. వీడియో కాల్‌లో కలిసినప్పుడల్లా రెండు భాషలూ ఒకేలా ఉన్నాయని తెగ ఆశ్చర్యపోతుంటారు. రెండింట్లోనూ ఆడా మగా తేడా లేదట, మాట చివర ముక్కలు అతికిస్తూ పోవడమేనట, ‘మేము’ అనడానికి ఒకళ్ళు ‘మెంఖ్’ అంటే ఇంకొకళ్ళు ‘మె’ అంటారట. ఇవి ఒకే కుటుంబం భాషలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కాదండీ. ఆర్మేనియన్‌ది ఇండో-యూరోపియన్ కుటుంబం. సంస్కృతం, హిందీ, ఫార్సీ, గ్రీకు, రష్యన్, ఇంగ్లిష్ అన్నీ ఉన్న పెద్ద ఇల్లు అది. ఆ ఇంట్లో ఆర్మేనియన్‌ది విడిగా ఒక గది, తోడబుట్టిన భాష ఏదీ పక్కన మిగల్లేదు. ఫిన్నిష్‌ది యురాలిక్ కుటుంబం. ఎస్టోనియన్ దానికి బాగా దగ్గర, ఉత్తరాన సామీ భాషలు, దూరాన హంగేరియన్ దాని బంధువులు.

అయినా మీ పిల్లలు గమనించింది తప్పేమీ కాదు, ఆ పోలికలు నిజంగా ఉన్నాయి, అందుకే ఈ ప్రశ్నకు కాస్త తీరిగ్గా జవాబు చెప్పాలి. అతడైనా ఆమె అయినా ఆర్మేనియన్‌లో ‘నా’, ఫిన్నిష్‌లో ‘హ్యాన్’. మనం ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అనగానే ఎవరో తెలిసిపోతుంది, వాళ్ళ క్రియల్లో ఆ ఆనవాలు కూడా ఉండదు. ఇక మాట చివర ముక్కల సంగతి. నగరాన్ని ఆర్మేనియన్‌లో ‘ఖాఘాఖ్’ అంటారు. ‘నగరంలో’ అంటే ఖాఘాఖుమ్, ‘నగరం నుంచి’ అంటే ఖాఘాఖిత్స్, ‘నగరాలు’ అంటే ఖాఘాఖ్‌నేర్, ‘నగరాల్లో’ అంటే ఖాఘాఖ్‌నేరుమ్, దానికి ఒక ‘స్’ తగిలిస్తే ‘నా నగరాల్లో’. ఫిన్నిష్‌లో నగరం ‘కౌపుంకి’. ‘నగరంలో’ కౌపుంగిస్స, ‘నగరం నుంచి’ కౌపుంగిస్త, ‘నగరాల్లో’ కౌపుంగెయిస్స, ‘నా నగరాల్లో’ కౌపుంగెయిస్సని. ముక్కలు అతికే వరుస చూడండి, ముందు మాట, తర్వాత బహువచనం, తర్వాత విభక్తి, చివర ‘నా’. రెండు భాషల్లోనూ అదే వరుస! ఆశ్చర్యం కలగకపోతేనే ఆశ్చర్యపడాలి.

కానీ ఆ ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట ఉమ్, ఇంకోచోట స్స. ఒకచోట ఇత్స్, ఇంకోచోట స్త. ఒకచోట నేర్, ఇంకోచోట ఉత్త ‘ఇ’. పని ఒకటే గానీ ధ్వనిలో ఏ సంబంధమూ లేదు. పైగా 5వ శతాబ్దంలో రాసిన పాత ఆర్మేనియన్ తీస్తే ఈ అందమైన వరుస కనిపించదు, అక్కడ సంస్కృతంలో లాగా వచనమూ విభక్తీ కలిసిపోయి ఒకే ప్రత్యయంగా ఉంటాయి. ‘నేర్’ లాంటి బహువచన ముక్కలు తర్వాతి శతాబ్దాల్లో స్థిరపడ్డాయి. చుట్టూ జార్జియన్, టర్కిష్ లాంటి అతుకుల భాషలు మాట్లాడేవాళ్ళతో వందల ఏళ్ళు కలిసి బతికిన ప్రభావం ఇందులో ఉందని చాలామంది పండితులు అంటారు. ఫిన్నిష్ అయితే మొదట్నుంచీ అతుకుల భాషే.

లింగం సంగతీ అలాంటిదే. ఇండో-యూరోపియన్ భాషలకు వారసత్వంగా లింగ భేదం వచ్చింది, సంస్కృతంలో మూడు లింగాలు మనకు తెలిసినవే, ఆర్మేనియన్ దాన్ని రాత పుట్టకముందే పోగొట్టుకుంది. ఫిన్నిష్‌కు అది ఎప్పుడూ లేదు. ఒకరు ఉన్నది పోగొట్టుకుని, ఇంకొకరు అసలు లేకుండానే ఒకే చోటికి చేరారు.

తేడాలు కూడా పిల్లలకు చెప్పండి, వాళ్ళు ఇంకా అంత దూరం వెళ్ళి ఉండరు. ‘పెద్ద నగరాల్లో’ అనాలంటే ఆర్మేనియన్‌లో ‘పెద్ద’ అనే మాట కదలదు, మన తెలుగులో లాగే. ఫిన్నిష్‌లో ‘పెద్ద’కు కూడా బహువచనం, విభక్తి రెండూ తగిలించాలి, ‘ఇసొయిస్స కౌపుంగెయిస్స’ అనాలి. ఆర్మేనియన్‌లో ‘ఆ ఫలానా’ అని చెప్పే ముక్క ఒకటి మాట చివర చేరుతుంది, ఫిన్నిష్‌లో అలాంటిదేమీ లేదు. ‘నాకు ఇల్లు ఉంది’ అనడానికి ఫిన్నిష్ మనలాగే ‘నా దగ్గర ఉంది’ అన్న పద్ధతిలో పోతుంది, ఆర్మేనియన్‌లో మాత్రం ‘కలిగి ఉన్నాను’ అనే అర్థానికి ‘ఉనెమ్’ అని విడిగా క్రియే ఉంది. మాటలో ఒత్తు ఫిన్నిష్‌లో ఎప్పుడూ మొదటి అక్షరం మీద, ఆర్మేనియన్‌లో దాదాపు ఎప్పుడూ చివరి అక్షరం మీద. అమ్మాయీ అబ్బాయీ ఒకే పేరును వాళ్ళ వాళ్ళ యాసలో పలికి చూపిస్తే ఈ తేడా మీకు చెవికే తెలుస్తుంది.

‘మెంఖ్’, ‘మె’ పోలిక మాత్రం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ‘నేను’, ‘మేము’ అనే మాటల్లో మకారం ఈ రెండు కుటుంబాల్లోనూ చాలా భాషల్లో కనిపిస్తుంది. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట ఈ రెండు కుటుంబాలకూ ఒకే మూలం ఉండి ఉంటుందని ఊహించినవాళ్ళు ఉన్నారు. అది ఇంతవరకు రుజువు కాలేదు. ఒకవేళ రేపు రుజువైనా అది రెండు పెద్ద కుటుంబాల మధ్య చుట్టరికం అవుతుంది గానీ, ఫిన్నిష్‌కు ఆర్మేనియన్ ఎంత దగ్గరో హిందీ, ఇంగ్లిష్ కూడా అంతే దగ్గర అవుతాయి.

ప్రశ్న: ఫిన్నిష్‌లో వందను ‘సత’ అంటారని, సుత్తిని ‘వసర’ అంటారని, అవి శతం, వజ్రం అనే మన మాటలేనని వాట్సాప్‌లో ఒక పోస్టు తిరుగుతోంది. అంటే ఫిన్నిష్ సంస్కృతం నుంచి పుట్టినట్టేనా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: పుట్టలేదు. పోస్టులో మాటలు సరైనవే, దాని నుంచి లాగిన నిర్ణయమే తప్పు.

‘సత’కీ శతానికీ సంబంధం ఉంది, అందులో పండితులకు అనుమానం లేదు. సుమారు 4000 ఏళ్ళ కిందట ఉరల్ కొండలు, వోల్గా నది వైపు అడవుల్లో ఫిన్నిష్, హంగేరియన్ భాషల పూర్వీకులు ఉండేవారు. వాళ్ళకు దక్షిణాన గడ్డి మైదానాల్లో ఇండో-ఇరానియన్ మాట్లాడేవాళ్ళు ఉండేవారు. సంస్కృతానికీ పాత ఫార్సీకీ అది తల్లి భాష. ఇచ్చిపుచ్చుకోవడాల్లో వీళ్ళ మాటలు వాళ్ళ నోట్లోకి వెళ్ళాయి. వంద అనే లెక్క వెళ్ళింది, హంగేరియన్‌లో కూడా వందను ‘సాజ్’ అంటారు. ఇంద్రుడి చేతిలో ఆయుధమైన వజ్రం, పాత ఇరానియన్‌లో గదకు వాడిన ‘వజ్ర’, ఫిన్నిష్ వాళ్ళ సుత్తి ‘వసర’, ఇవన్నీ ఆ కాలపు ఒకే మాట. కాబట్టి సంస్కృతం నుంచి అనడం కూడా సరికాదు, సంస్కృతం ఇంకా సంస్కృతం కాకముందు జరిగిన అరువు ఇది.

ఇక్కడే ఆర్మేనియన్‌ను పక్కన పెట్టి చూస్తే విషయం తేటగా అర్థమవుతుంది. ఆర్మేనియన్ సంస్కృతానికి నిజమైన బంధువు. మరి అందులో వంద ఏమిటి? ‘హార్యుర్’. శతంతో ఏ పోలికా లేదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో పండితులు ఇంకా తేల్చుకోలేదు. వెయ్యి ‘హజార్’, అది ఇరానియన్ నుంచి తెచ్చుకున్నది, ఉర్దూ తెలిసిన హైదరాబాద్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. అంటే వంద అనే ఒక్క మాట పట్టుకుని చుట్టరికం తేల్చబోతే, పరాయి భాష బంధువు అవుతుంది, బంధువు పరాయిది అవుతుంది.

అయితే దేన్ని పట్టుకోవాలి? మార్పుల్లో ఉన్న క్రమాన్ని. ఆర్మేనియన్ అంకెలు మొదటిసారి వింటే సంస్కృతం అని ఎవరూ అనుకోరు. అయిదు ‘హింగ్’, ఏడు ‘యోత్’, ఎనిమిది ‘ఉత్’, పది ‘తాస్’. కానీ పాత పకారం మాట మొదట్లో ఆర్మేనియన్‌లో హకారం అయింది అన్న సూత్రం ఒకటి పట్టుకోండి. పంచ ‘హింగ్’ అవుతుంది, పితృ శబ్దం ‘హాయ్ర్’ అవుతుంది. దకారం తకారం అయింది అనుకోండి, దశ ‘తాస్’ అవుతుంది, ‘దదామి’ అంటే ఇస్తున్నాను అనే మాటకు జోడీగా ‘తామ్’ దొరుకుతుంది. భకారంలో ఒత్తు పోయింది, భరామి ‘బెరెమ్’ అయింది, తెస్తున్నాను అని. మాతృ శబ్దం ‘మాయ్ర్’. ‘అస్మి, అసి, అస్తి’ అని మనం బడిలో వల్లె వేసినవి అక్కడ ‘ఎమ్, ఎస్, ఎ’. అన్నిటికంటే వింత రెండు, ‘యెర్కు’. ద్వి ఎక్కడ, యెర్కు ఎక్కడ? ఫ్రెంచ్ పండితుడు ఆంత్వాన్ మెయ్యే మాట మొదట్లోని ‘ద్వ’ ఆర్మేనియన్‌లో ‘ఎర్క్’ అవుతుందని, మరో ఒకటి రెండు మాటల్లో కూడా అదే జరిగిందని చూపించారు. కొందరు ఇప్పటికీ దాన్ని ప్రశ్నిస్తారు గానీ ఎక్కువమంది ఒప్పుకుంటారు. చెవికి పోలిక తెలియకపోయినా క్రమం తప్పని మార్పు దొరికితే అది చుట్టరికం. చెవికి అచ్చం ఒకేలా వినిపించి క్రమం దొరక్కపోతే అది అరువో, కాకతాళీయమో.

ఈ తికమక పెద్ద పండితులకూ తప్పలేదు. ఆర్మేనియాను అర్షకుని వంశం వాళ్ళు సా.శ. 428 దాకా ఏలారు, వాళ్ళ మూలం పార్థియన్, దాంతో ఇరానియన్ మాటలు ఆర్మేనియన్‌లో కుప్పలుగా చేరాయి. హజార్ ఒక్కటే కాదు, స్వేచ్ఛగల అనడానికి ‘అజాత్’, చక్కెరకు ‘షఖార్’ కూడా అలా ఇరాన్ వైపు నుంచి వచ్చినవే. అవి చూసి 19వ శతాబ్దం నడిమి దాకా దాన్ని ఇరానియన్ భాషల్లో ఒకటిగానే లెక్కగట్టారు. 1875లో హైన్రిఖ్ హ్యుబ్ష్‌మన్ అనే జర్మన్ పండితుడు అరువు మాటల్ని విడదీసి పక్కన పెట్టి, మిగిలిన సొంత మాటల్లో ధ్వని మార్పులు చూసి, ఇది విడి శాఖ అని తేల్చారు.

తెలుగుకు కూడా ఇదే జరిగింది, అంతకు చాలా ముందే. తెలుగులో సంస్కృతం మాటలు ఎక్కువ కాబట్టి అది సంస్కృతం నుంచి పుట్టిందని అనేవారు. 1816లో మద్రాసులో కలెక్టర్‌గా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందు చేర్చిన వ్యాసంలో తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని, సంస్కృతం మాటలు అరువు అని చూపించారు. అరువు పొరను తీసి చూడడం అనే పద్ధతి మన భాష మీద అంత తొందరగా జరిగిందంటే నాకు గర్వంగా ఉంటుంది, ఇది మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా వివరంగా ఉండాలని నా కోరిక.

ప్రశ్న: ద్రావిడ భాషలకూ ఫిన్నిష్‌కూ చుట్టరికం ఉందని కాల్డ్‌వెల్ చెప్పారని చదివాను. నిజమా? సింధు లిపి చదువుతున్నది కూడా ఫిన్లాండ్ పండితుడే కదా.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమండ్రి

జవాబు: చెప్పారు. 1856లో వచ్చిన తన ద్రావిడ తులనాత్మక వ్యాకరణంలో రాబర్ట్ కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల్ని ఫిన్నిష్, టర్కిష్ లాంటివి ఉన్న గుంపుకు, అప్పట్లో దాన్ని సిథియన్ అనేవారు, దగ్గరగా పెట్టారు. 20వ శతాబ్దంలో బరో లాంటి గట్టి పండితులు కూడా మాటల జాబితాలు వేసి చూశారు. కానీ క్రమం తప్పని ధ్వని మార్పులు దొరకలేదు, ఇవాళ ఎక్కువమంది భాషావేత్తలు దీన్ని ఒప్పుకోరు.

క్రమం అంటే ఏమిటో ఫిన్నిష్, హంగేరియన్ చూస్తే తెలుస్తుంది. చేప ఫిన్నిష్‌లో ‘కల’, హంగేరియన్‌లో ‘హల్’. మూడు ‘కొల్మె’, అక్కడ ‘హారొమ్’. వినడం ‘కూల్ల’, అక్కడ ‘హల్ల్’. అంటే కకారం హకారం అయింది. మరి చెయ్యి ‘క్యాసి’, అక్కడ ‘కేజ్’, ఇక్కడ ఎందుకు మారలేదు? వెనక అచ్చు వేరు రకం కాబట్టి, అలాంటి అచ్చుల ముందు కకారం అలాగే ఉండిపోతుంది. మారకపోవడంలో కూడా సూత్రం ఉంది చూశారా, రుజువు అంటే అదీ. తెలుగుకూ ఫిన్నిష్‌కూ మధ్య అలాంటిది ఒక్కటీ చూపించలేం. ఫిన్నిష్‌లో సొంతిల్లును ‘కొతి’ అంటారు, వినడానికి మన కోతిలా ఉంటుంది, అంతే.

అయినా తెలుగువాళ్ళకు ఫిన్నిష్ వ్యాకరణం చూస్తే మనసుకు దగ్గరగా అనిపించే మాట నిజం. ‘రాను, రావు, రాడు’ అని మనం వ్యతిరేకంలోనే మనిషిని చూపిస్తాం. ఫిన్నిష్‌లో ‘ఎన్ తులె, ఎత్ తులె, ఎయి తులె’ అంటారు, అక్కడ ‘కాదు’ అన్న మాటే క్రియలా మనిషిని బట్టి మారుతుంది. ‘లేను, లేవు, లేడు’ తెలిసినవాళ్ళకు ఇది టక్కున ఎక్కుతుంది, ఇంగ్లిష్ ఒక్కటే తెలిసినవాళ్ళు దీని దగ్గర చాలాసేపు ఆగిపోతారు. ప్రశ్న వేయాలంటే మనం ‘ఇంట్లోనా?’ అని చివర దీర్ఘం పెడతాం, వాళ్ళు ‘తలొస్సకొ?’ అని ‘కొ’ తగిలిస్తారు. ఆర్మేనియన్‌లో కూడా ‘రావడం లేదు’ అనడానికి ‘చెమ్ గాలిస్, చెస్ గాలిస్, చి గాలిస్’ అని వ్యతిరేకం ముందుకొచ్చి మనిషిని చూపిస్తుంది, కాకపోతే అది ఇందాక చెప్పిన ‘ఎమ్, ఎస్, ఎ’కు ముందు ‘చ్’ చేర్చడం. పని ఒకటే, పుట్టుక వేరు.

సింధు లిపి సంగతి వేరు. హెల్సింకి విశ్వవిద్యాలయానికి చెందిన అస్కో పర్పోలా ఆ లిపి వెనక ద్రావిడ భాష ఉండి ఉంటుందని వాదిస్తారు. 2010లో కోయంబత్తూరు ప్రపంచ తమిళ సమావేశంలో ఆయన్ను సత్కరించారు కూడా. ఆయన ద్రావిడానికి ముడిపెడుతున్నది సింధు లిపిని, ఫిన్నిష్‌ను కాదు. ఆ లిపిని ఇంకా ఎవరూ అందరూ ఒప్పుకునేలా చదవలేదు.

ప్రశ్న: రెండింట్లో ఏది నేర్చుకోవడం కష్టం? ఫిన్లాండ్ వెళ్ళాలా ఆర్మేనియా వెళ్ళాలా అన్న ఆలోచనలో ఉన్నాను, భాష గురించే టెన్షన్.
– ఉద్యోగార్థి, హైదరాబాద్

జవాబు: అమెరికా విదేశాంగ శాఖ తన అధికారులకు భాషలు నేర్పే సంస్థ ఒకటి నడుపుతుంది. ఇంగ్లిష్ వాళ్ళకు ఏ భాష ఎంత కాలం పడుతుందో వాళ్ళ దగ్గర లెక్క ఉంది. అందులో ఆర్మేనియన్, ఫిన్నిష్ రెండూ ఒకే తరగతిలో ఉన్నాయి, 44 వారాలు, సుమారు 1100 గంటల తరగతులు. తెలుగు కూడా అదే తరగతి! మీరు ఆ కష్టమైన భాషల్లో ఒకదాన్ని పుట్టుకతో తెచ్చుకున్నారు కాబట్టి టెన్షన్ సగం తగ్గించుకోవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, మొదట్లో ఆర్మేనియన్ కష్టం, పోనుపోను ఫిన్నిష్ కష్టం. ఆర్మేనియన్‌కు 39 అక్షరాల కొత్త లిపి నేర్చుకోవాలి. చాలా అక్షరాలు ఒకదానిలా ఒకటి ఉంటాయి. రాసేటప్పుడు కొన్ని అచ్చులు వదిలేస్తారు, కలాన్ని ‘గ్రిచ్’ అని రాసి మధ్యలో చిన్న అకారం కలిపి ‘గరిచ్’ లాగా పలుకుతారు. ప్రశ్నార్థకం వాక్యం చివర రాదు, ప్రశ్న ఏ మాట మీద ఉందో ఆ మాటలో అచ్చు నెత్తిన పెడతారు. పలకడంలో ప, ఫ, బ మూడూ వేరువేరుగా వినిపించాలి. మనం రాతలో ఒత్తులు పెట్టినా మాటలో తరచుగా మింగేస్తాం, అక్కడ మింగితే మాట మారిపోతుంది. కానీ ఒక సౌకర్యం ఉంది. మన ‘చాప’, ‘చుక్క’లో మొదటి ధ్వని, ‘జడ’లో మొదటి ధ్వని ఆర్మేనియన్‌లో అడుగడుగునా వస్తాయి, ఉత్తరాది పిల్లలు వాటి దగ్గర తడబడతారు, మనకు అవి ఉగ్గుపాలతో వచ్చినవి. యెరెవాన్‌లో చదివే మన పిల్లలకు పాఠాలు ఇంగ్లిష్‌లో జరిగినా వార్డులో రోగితో మాట్లాడాలి కదా, ‘ఎక్కడ నొప్పి?’ అనడానికి ‘వొర్తెఘ్ ఎ త్సావుమ్?’ అనాలి. ఆ ‘త్సా’ మన ‘చాప’లో ‘చా’ను కాస్త ఒత్తి పలికినట్టు ఉంటుంది.

ఫిన్నిష్ మొదట్లో హాయిగా ఉంటుంది. తెలిసిన రోమన్ లిపి, ఎలా రాస్తే అలా చదవడం, మన తెలుగు అలవాటే. హ్రస్వం దీర్ఘం, ఒంటి హల్లు జంట హల్లు తేడాలు అక్కడ ప్రాణం. ‘తులి’ అంటే నిప్పు, ‘తూలి’ అంటే గాలి, ‘తుల్లి’ అంటే కస్టమ్స్. పడు, పాడు వేరని, కల, కల్ల వేరని తెలిసిన మనకు ఇది కష్టం కాదు. తర్వాత మొదలవుతుంది అసలు పని. విభక్తులు 15. మాటకు ముక్క తగిలించగానే లోపలి హల్లు మారిపోతుంది, వీధి ‘కతు’ అయితే వీధి యొక్క అనడానికి ‘కదున్’, ఏరు ‘యొకి’ అయితే ‘యొఎన్’, కకారం మాయం. ప్రత్యయంలో అచ్చు మాటలోని అచ్చును బట్టి మారుతుంది, ఇంట్లో అంటే ‘తలొస్స’, పల్లెలో అంటే ‘క్యులాస్సా’ లాంటిది, అక్కడి ఆకారం బ్యాంకులో ‘బ్యా’లో వినిపించే అచ్చు. ఇవన్నీ నేర్చుకుని ఆఫీసులో కూర్చుంటే పక్కవాళ్ళు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడరు. ‘నేను ఉన్నాను’ పుస్తకంలో ‘మినా ఒలెన్’, నోట్లో ‘మా ఓన్’. క్లాసులో నేర్చుకున్నది బస్సులో వినిపించక చాలామంది నిరుత్సాహపడతారు. మీరు పడకండి, రెండూ వేరువేరుగా మొదట్నుంచే నేర్చుకోండి. అక్కడి పౌరసత్వం కావాలంటే ఫిన్నిష్‌లో గానీ స్వీడిష్‌లో గానీ మధ్యస్థాయి పరీక్ష పాసవ్వాలి, స్వీడిష్ కూడా ఆ దేశపు అధికార భాషే.

ప్రశ్న: మద్రాసుకూ ఆర్మేనియన్ భాషకూ ఏదో సంబంధం ఉందంటారు, ఏమిటది?
– పాఠకుడు, చెన్నై

జవాబు: చాలా పెద్ద సంబంధం. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక అచ్చయింది మద్రాసులో. 1794లో హారుత్యూన్ ష్మావోన్యాన్ అనే పూజారి ‘అజ్దరార్’ పేరుతో మాసపత్రిక నడిపారు. మీ ఊళ్ళో జార్జిటౌన్‌లో ఆర్మేనియన్ స్ట్రీట్ అని ఉంది కదా, ఆ వీధిలో 1772 నాటి ఆర్మేనియన్ చర్చి ఉంది, ఆయన సమాధి ఆ ఆవరణలోనే ఉంది. వెళ్ళి చూడండి. మచిలీపట్నంలో కూడా ఆర్మేనియన్ వర్తకులు ఉండేవారు, హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ళ పాత సమాధులు ఉన్నాయి.

ఆ సమాధుల మీది అక్షరాలు సుమారు 405లో మెస్రోప్ మష్తోత్స్ అనే సాధువు తయారుచేసినవి. అప్పుడు 36, తర్వాత శతాబ్దాల్లో మరికొన్ని చేరాయి. ఆ లిపిలో మొదట రాసిన వాక్యం బైబిల్‌లో సామెతల గ్రంథం నుంచి జ్ఞానాన్నీ ఉపదేశాన్నీ తెలుసుకోవడం గురించిన వాక్యం అని చెబుతారు. యెరెవాన్‌లో ఆయన పేరున్న రోడ్డు చివర మతెనదరాన్ అనే తాళపత్రాలయం లాంటిది ఉంది, అక్కడివి తోలు మీద, కాగితం మీద రాసిన ప్రతులు. ఖమ్మం అమ్మాయి తప్పకుండా చూడాలి. ఫిన్నిష్‌కు రాత రావడానికి మరో 1100 ఏళ్ళకు పైగా పట్టింది, మికాయెల్ అగ్రికోలా అనే మతగురువు 1543లో మొదటి అక్షరమాల పుస్తకం అచ్చు వేశారు.

ప్రశ్న: మన గిడుగు రామమూర్తిగారి వ్యావహారిక ఉద్యమం లాంటివి ఆ దేశాల్లో జరిగాయా?
– తెలుగు పండితురాలు, శ్రీకాకుళం

జవాబు: ఆర్మేనియాలో అచ్చంగా అలాంటిదే జరిగింది. 5వ శతాబ్దపు భాషను ‘గ్రాబార్’ అంటారు, మన గ్రాంథికం అనుకోండి. 19వ శతాబ్దం దాకా రాతలో అదే గొప్ప, బడికి వెళ్ళనివాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు. ఖచతూర్ అబోవ్యాన్ 1841లో తన ఊరి వాడుక భాషలో నవల రాశారు. ఆయన బతికుండగా అది అచ్చు కాలేదు. 1848లో ఒకరోజు ఇంట్లోంచి బయటికి వెళ్ళి మళ్ళీ కనిపించలేదు, పుస్తకం 1858లో వచ్చింది. ఈ పోరాటంలో వాడుక భాష గెలిచింది, ఇవాళ గ్రాబార్ చర్చిలో వినిపిస్తుంది.

మీ ప్రశ్న చదివాక నాకు గుర్తొచ్చిన సంగతి ఇంకొకటి. ఈ అబోవ్యాన్ చదువుకున్నది ఎక్కడనుకున్నారు? ఎస్టోనియాలోని తార్తులో, అప్పటి పేరు దోర్పాత్. 1829లో అరరాత్ పర్వతం ఎక్కడానికి ఆ విశ్వవిద్యాలయం నుంచి పారోత్ అనే ఆచార్యుడు వస్తే అబోవ్యాన్ ఆయనతో కలిసి శిఖరం ఎక్కారు, ఆ పరిచయంతో చదువుకు వెళ్ళారు. ఫిన్నిష్‌కు అత్యంత దగ్గరి బంధువైన భాష మాట్లాడే ఊళ్ళో, అక్కడి పాఠాలు జర్మన్‌లో అనుకోండి, ఆధునిక ఆర్మేనియన్ సాహిత్యానికి ఆద్యుడు తయారయ్యారు.

ఫిన్లాండ్‌లో పోరు వేరు రకం. అక్కడ పాత ఫిన్నిష్ పెత్తనం కాదు సమస్య, స్వీడిష్ పెత్తనం. 1809 దాకా స్వీడన్ పాలన, తర్వాత రష్యా. పాలకులు మారినా ఆఫీసుల్లో, కాలేజీల్లో స్వీడిష్ కదల్లేదు. 1835లో ఎలియాస్ లొన్రోత్ పల్లె పాటలు కూర్చి ‘కలేవల’ ప్రకటించాక జనంలో ఊపు వచ్చింది, 1863లో రష్యా చక్రవర్తి ఫిన్నిష్‌కు ఆఫీసుల్లో హోదా ఇస్తూ ఆజ్ఞ జారీ చేశాడు. ఈ మధ్యలో తూర్పు మాండలికమా, పడమటి మాండలికమా అని పెద్ద రగడ జరిగింది. చివరికి రెండూ కలిపి ఇవాళ్టి రాతభాష చేశారు. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటలకు పత్రికల భాషలో ఇంకా తగిన చోటు దొరకని మనకు ఆ కథ పనికొస్తుంది.

ప్రశ్న: ఆర్మేనియన్‌ను ఇలా వేరే భాషలతో పోల్చి చూసినవాళ్ళు ఆర్మేనియన్లలో ఉన్నారా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: హ్రాచ్యా అచార్యాన్. 1876లో ఇస్తాంబుల్‌లో పుట్టి, పారిస్‌లో మెయ్యే దగ్గర చదువుకుని, యెరెవాన్‌లో స్థిరపడ్డారు. ఆర్మేనియన్ మాటల పుట్టుక గురించి భారీ నిఘంటువు రాశారు. తర్వాత ఆర్మేనియన్ సంపూర్ణ వ్యాకరణం మొదలుపెట్టి దాన్ని 562 భాషలతో పోలుస్తూ రాశారు, పుస్తకం పేరులోనే ఆ అంకె ఉంటుంది. స్టాలిన్ రోజుల్లో 1937లో జైల్లో పెట్టారు, 1939లో వదిలారు, బయటికొచ్చి మళ్ళీ అదే పని చేసుకున్నారు. నాకు ఈ రంగంలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆయన.

ప్రశ్న: మేం అమెరికాలో గ్లెండేల్‌లో ఉంటాం. మా చుట్టుపక్కల ఆర్మేనియన్లే ఎక్కువ. ఒక కుటుంబంలో పెద్దాయన పేరు పెత్రోస్, ఇంకో కుటుంబంలో బెద్రోస్. రాసేటప్పుడు రెండూ ఒకేలా రాస్తారు. ఎందుకలా?
– గృహిణి, కాలిఫోర్నియా

జవాబు: అక్షరాలు అవే, పలకడం రెండు రకాలు. ఆర్మేనియా, ఇరాన్ ఆర్మేనియన్లది తూర్పు ఆర్మేనియన్, వాళ్ళు పెత్రోస్, గ్రిగోర్ అంటారు. ఇవాళ్టి టర్కీ ప్రాంతం నుంచి 1915 మారణకాండలో చెదిరిపోయి బేరూత్, అలెప్పో, పారిస్, అమెరికా చేరినవాళ్ళది పడమటి ఆర్మేనియన్. అందులో ప, బ తారుమారయ్యాయి, క, గ తారుమారయ్యాయి, కాబట్టి బెద్రోస్, క్రికోర్. పడమటి ఆర్మేనియన్‌కు సొంత దేశం లేదు, యునెస్కో 2010లో దాన్ని అంతరించే ప్రమాదం ఉన్న భాషల్లో చేర్చింది. మీ బెద్రోస్ గారి మనవలు ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నారో అడగండి, వీలైతే ఆయన చేత రెండు మాటలు నేర్చుకోండి. ‘థాంక్యూ’కు ‘ష్నొర్‌హగాలుత్యూన్’ అనాలి, పెత్రోస్ గారింట్లో అయితే అదే మాట ‘ష్నొర్‌హకాలుత్యూన్’.